అరుగు మీద పచ్చగీత

మా ఇల్లూ మా తోడికోడలి ఇల్లూ పక్కపక్కనే. మధ్య గోడ ఒకటే, ముందు అరుగూ ఒకటే. నా కుట్టుమిషను ఆ అరుగు మీదే. సాయంత్రమైతే వీధి వీధంతా కొలువుదీరేదీ అక్కడే. ఎవరింట్లో ఎవరు అలిగారో, అలిగినవాళ్ళకన్నా ముందే మా అరుగుకి తెలుస్తుంది. అలాంటి అరుగుకి నడిమధ్యన తొమ్మిది నెలల క్రితం ఒక పచ్చగీత పడింది.

తప్పు ఎవరిదంటారా? చెబుతాను, కాస్త ఆగండి.

తోడికోడలంటే మా బావగారి భార్య. నేను అక్కా అని పిలుస్తాను. నా చేత చలికోటు కుట్టించుకుని, అరుగు మీద నలుగురి ముందూ తొడుక్కుంది. నడుం దగ్గర బొత్తాం పట్టలేదు. ఊపిరి బిగబట్టి ఎలాగో పెట్టుకుంది. ఊపిరి వదలగానే ఆ బొత్తాం ఊడి ఎగిరి ఎదురింటావిడ ఒళ్ళో పడింది. అందరూ ఘొల్లుమన్నారు.

"కొలత తప్పావే" అంది అక్క.

ఇరవై రెండేళ్ళ అనుభవమున్న టైలరుని పట్టుకుని అంత మాటా! నా నోరు ఊరుకుంటుందా?

"కొలత తప్పలేదు. నువ్వే లావెక్కావు" అన్నాను, వీధి చివరిదాకా వినపడేలా.

మర్నాడు పొద్దున్నే బావగారి చేత పచ్చరంగుతో గీత గీయించింది. ఆ అన్నదమ్ములకి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. చదరంగం బల్ల సరిగ్గా గీత మీద పెట్టుకుని, చెరోవైపు కూర్చుని ఆడుకుంటున్నారు. సిగ్గులేని మనుషులు!

మేమిద్దరం మాత్రం మాటలు మానేశాం. ఏదైనా చెప్పాలంటే నడుమనున్న స్తంభానికి చెప్పేవాళ్ళం.

"స్తంభమా, దారప్పోగులు గీత దాటి వస్తున్నాయని చెప్పు."

"స్తంభమా, గాలికి బుద్ధి చెప్పడం నా వల్ల కాదని చెప్పు."

ఇక ఒక నిజం ఒప్పుకోవాలి. గొడవైన నెలకి నా కొలత టేపుని చెక్క స్కేలు పక్కన పెట్టి చూశాను. పాత టేపు కదా, అంగుళమున్నర సాగిపోయింది. సాగిన టేపు నడుం కొలత తక్కువ చూపించింది. గుడ్డేమో స్కేలు పెట్టి కత్తిరించాను. కోటు బిగుతవక చస్తుందా? టేపు చెత్తబుట్టలో పారేసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఇంతలో మా అమ్మాయి చంటిపిల్లల బడిలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. ఏడు నెలలుగా తిరగని చోటు లేదు. ఇదీ రాకపోతే ఇంకెక్కడా అడగనని తేల్చి చెప్పింది. ఆ బడి పెద్దటీచరుకి ఓ పాడలవాటు ఉందట. సర్టిఫికెట్లు పక్కన పడేసి, పక్కింటివాళ్ళ దగ్గర కూర్చుని ఆరా తీస్తుందట.

నిన్న సాయంత్రం ఆవిడ వీధిలోకి రావడం చూసి, తల దువ్వుకుందామని లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆవిడ గీతకి అవతల, అక్క పక్కన కూర్చుని ఉంది! కిటికీ పక్కన నిలబడి చెవులు రిక్కించాను.

"ఈ పక్కింటి అమ్మాయి ఎలాంటిదమ్మా?"

అక్క తాపీగా కాళ్ళు చాపుకుంది. "ముందు తల్లి సంగతి చెబుతాను వినండి. గయ్యాళి. దాని కత్తెరకన్నా నోరే పదును. తప్పు చేసినా ఒప్పుకోదు."

అయిపోయింది, అమ్మాయి నోట్లో మట్టి కొట్టాననుకున్నాను.

"పిల్ల మాత్రం బంగారం" అంది అక్క. "ఈ మధ్య నాకు మోకాలు దెబ్బతిని మంచమెక్కితే, రెండు నెలలు రోజూ పెరటి గుమ్మంలోంచి వచ్చి నాకు స్నానం చేయించి వెళ్ళింది. 'అమ్మకి తెలిస్తే చంపేస్తుంది పెద్దమ్మా' అంటూనే వచ్చేది. మీ బళ్ళో పిల్లల్ని దాని చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రపోండి."

పెద్దటీచరు లేచింది. "సోమవారం నుంచి రమ్మని చెప్పండమ్మా."

"నేను చెప్పను. స్తంభానికి చెప్పి వెళ్ళండి."

గయ్యాళి అన్నందుకు నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఏడుపొచ్చింది, సిగ్గేసింది. ముక్కు తుడుచుకుని బయటికొచ్చాను. కొలువు నిండుగా ఉంది. బల్ల దగ్గర అన్నదమ్ములు ఎత్తులు ఆపి చూస్తున్నారు. గీత దాటి వెళ్ళి అక్క ముందు నిలబడ్డాను.

"అక్కా, నువ్వు లావెక్కలేదు. నా టేపు సాగింది. ఎనిమిది నెలలుగా తెలిసీ చెప్పలేదు."

అక్క నా మొహంకేసి చూసింది. తరవాత మెల్లిగా అటు తిరిగింది.

"స్తంభమా, దాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పమను. ఎదురింటావిడకి వినపడలేదు."