బాతుపిల్ల గొంతు

కూతురు ఫోన్లో వార్త చదువుతుంటే తల్లి చేతిలోని దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది.

"పాత గోదాములో ఒక కార్టూన్ సినిమా దొరికిందట. ఈత రాని బాతుపిల్ల కథట. అన్నీ చేత్తో రంగులేసిన బొమ్మలట, ఒక్క రంగు కూడా వెలిసిపోలేదట. శబ్దం ఉన్న రీలు మాత్రం దొరకలేదట. అందుకని ఆదివారం హాల్లో ఆ బొమ్మ ఆడుతుంటే పక్కనే ఒక డీజే రికార్డులు తిప్పుతూ సంగీతం కడతారట." కూతురు ఫోను కింద పెట్టి కళ్లెగరేసింది. "ఆ డీజే ఎవరనుకున్నావ్? నేనే!"

"అక్కడ వైర్లన్నీ సరిగ్గా ఉంటాయా?" అంది తల్లి.

"అమ్మా! ముందు శెభాష్ అనాలి!"

"శెభాషే. రబ్బరు చెప్పులేసుకుని వెళ్లు."

ఆవిడ తీరే అంత. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందని, మోగకపోతే ఇంకేదో అయిందని. కూతురు ఈ డీజే పనిలోకి దిగినప్పటి నుంచి ఆవిడ గుండె గుప్పెట్లోనే ఉంది. చెవులు పోతాయేమోనని ఒక బెంగ, చేతి నరాలు పట్టేస్తాయేమోనని ఇంకో బెంగ. రెండు పళ్లేలు గిర్రున తిరుగుతుంటే పిల్ల రికార్డు మీద చెయ్యి వేసి ముందుకీ వెనక్కీ లాగడం చూస్తే పళ్లు జివ్వుమనేవి. మీ అమ్మాయి ఏం చేస్తోందని ఆడపడుచు అడిగితే, "రికార్డులు గోకుతోంది వదినా" అనేసి మాట మార్చేసేది.

అయితే ఆ పూట దుప్పటి ఆగిపోయింది వైర్ల భయంతో కాదు. ఆ బాతుపిల్లకి రంగులేసిన చేతుల్లో ఆవిడవీ ఉన్నాయి. గాజులాంటి పల్చటి ప్లాస్టిక్ రేకు మీద ముందువైపు గీత, వెనకవైపు రంగు. అమ్మ పెళ్లికి ముందు కార్టూన్ల కంపెనీలో రంగులేసేదని కూతురికి తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది.

"దాని పాట నా దగ్గరుంది" అంది తల్లి, దుప్పటిని గుండెలకు హత్తుకుని.

కూతురు కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏ పాట?"

"బాతుపిల్ల పాట. డిస్కు మీద. కంపెనీ మూసేసేటప్పుడు సౌండాయన ఇచ్చాడు. లోకంలో అదొక్కటే ఉందన్నాడు."

"మరి ఒక్కసారైనా వినిపించలేదేం?"

"పెడితే అరిగిపోతుందని."

బీరువా పై అరలోంచి ఆ మూట దిగింది. పైన తువ్వాలు, లోపల పాత చీర ముక్క, దాని లోపల పొర మీద పొరగా ప్లాస్టిక్ కవర్లు, ప్రతి పొరకీ దారం ముళ్లు. పురుగు పట్టకుండా మడతమడతకీ కలరా ఉండలు. అన్నీ విప్పేసరికి ఇల్లంతా ఘాటు కమ్ముకుంది. ఆఖరి కవరు తీసి చూస్తే నల్లటి డిస్కు కాస్తా పిండిలో పొర్లించినట్టు తెల్లగా ఉంది.

కూతురు మెల్లగా అంది, "గాలాడకుండా బిగించేశావమ్మా. ఆ ఉండలు కూడా దీనికి పడవు."

"నేనే చంపుకున్నానా దీన్ని?"

"ఆగు, ఏడవకు. దీన్ని శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నది కెమెరా బాబాయ్ ఒక్కడే. వరసకి బాబాయ్ కాదు, కంపెనీలో అందరికీ బాబాయే. రంగులేసిన రేకుల్ని ఒక్కొక్కటిగా కెమెరా కింద పెట్టి ఫొటో తీసింది ఆయనే. కబురందగానే మెత్తటి గుడ్డలు, సన్న బ్రష్షు జేబులో కుక్కుకుని వచ్చాడు.

"ఏం బాతుపిల్లా, ఇంకా మునగలేదా?" అన్నాడు గుమ్మంలోనే.

"బాబాయ్, పిల్ల ముందు ఆ పేరెందుకు?"

"దానికి తెలీదా? ఒసే మనవరాలా, ఆ పాట పాడింది మీ అమ్మేనే. మా దగ్గర పాటగత్తె లేదు. అందరినీ వరసగా నిలబెట్టి పాడమంటే మిగతా పిల్లలంతా బల్లల కింద దూరారు. ఇది ముందుకొచ్చి నేను పాడతానంది. కెమెరా పైన దీపం మాడిపోతే నిచ్చెన లేకుండా ఎక్కేసేది కూడా ఇదే."

"మా అమ్మా? స్టూలెక్కడానికి నన్ను పట్టుకోమంటుంది!"

"నువ్వు పుట్టాకే ఇలా అయ్యాను" అంది తల్లి. కసురుదామనుకుంది గానీ గొంతు మెత్తగా వచ్చింది.

బాబాయ్ డిస్కు గీతల వెంబడే గుడ్డ తిప్పుతూ తెల్లదనం తుడిచాడు. నలుపు తేలింది. దాంతోపాటే నడిమి చీటీకి దగ్గరగా, పాట ముగిసే చోట, వెంట్రుకంత బీట కూడా తేలింది. కూతురు దీపం దగ్గరగా పెట్టి చూసింది.

"పైపూత లేచిపోతోందమ్మా. ఒక్కసారి ఆడుతుందేమో. ఆడుతుండగానే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. సూది బీట దగ్గరికి వచ్చాక పూత ఊడిపోతే ఇక అంతే. వద్దంటే ఇలాగే దాచేద్దాం. నీ ఇష్టం."

తల్లి డిస్కు వంక చూస్తూ కూర్చుంది. దాస్తే మూట భద్రంగా ఉంటుంది. కానీ లోపలేముందో తనకే గుర్తులేదు. మధ్యాహ్నం పూట పన్నెండు మంది ఆడపిల్లలు వరసగా బల్లల ముందు కూర్చున్న ఆ గది గుర్తుంది. రంగు ఆరిపోకుండా ఫ్యాను వేసుకోకపోవడం, మెడల మీద చెమట, ఒకరి జోకుకి అందరి చేతులూ ఒకేసారి వణికి పసుపు గీత దాటిపోవడం గుర్తున్నాయి. పాట మాత్రం ఎంత తడుముకున్నా మొదటి ముక్క దాటి అందలేదు.

"పెట్టు" అంది. మరుక్షణం, "మెల్లగా!" అంది.

"మెల్లగానే. అసలు వేగం కంటే తగ్గించి తిప్పుతాను, సూది ఎగరదు. తర్వాత కంప్యూటర్లో వేగం పెంచుకోవచ్చు."

కూతురు డిస్కుని తన పళ్లెం మీద పెట్టి, చూపుడువేలు సూది ఉన్న కడ్డీ కింద ఆనించింది. రికార్డుల్ని గోకే వేలు అదే. రేకు మీద బ్రష్షు ఆనించే ముందు తామంతా ఊపిరి బిగబట్టినట్టే ఆ పిల్లా బిగబట్టడం చూసి, తల్లి తన ఊపిరి సంగతే మరిచిపోయింది.

చిటపటల మధ్య గొంతు వచ్చింది. కీచుమనే బాతుపిల్ల కాదు. తీరిగ్గా, నిండుగా, కొంచెం పొగరుగా పాడుతున్న ఆడపిల్ల.

"ఇదెవరమ్మా?"

బాబాయ్ తొడ చరుచుకున్నాడు. "మీ అమ్మ అసలు గొంతే! అప్పుడు నెమ్మదిగా పాడించి, వేగం పెంచి బాతుని చేశాడు సౌండాయన. నువ్వు తగ్గించావు కదా, మళ్లీ మనిషైంది."

తల్లి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీళ్లంటే నాకేం భయం, రెక్కలు తడిస్తే ఆరవా అని పాడుతోంది ఆ పిల్ల. వెనకాల మిగతా పిల్లల నవ్వులు. ఏ నవ్వు ఎవరిదో విడివిడిగా తెలుస్తోంది. సూది బీట దగ్గరికి చేరింది. కూతురి వేలు దాన్ని ఒకసారి దాటించింది, రెండోసారి దాటించింది. ఆ తర్వాత నల్లటి పెచ్చు ఒకటి లేచి సూదికి చుట్టుకుంది.

పాట ఠక్కున ఆగిపోయింది.

"అమ్మా..." కూతురు సూది పైకెత్తింది. "ఆఖరి ముక్క పోయింది."

తల్లి గుండెలు బాదుకుంటుందనుకున్నారిద్దరూ. ఆవిడ కళ్లు తుడుచుకుని, "విన్నాక గుర్తొచ్చింది. పోయింది పాట కాదే, ఒక్క కేక. అది నీళ్లలోకి దూకేటప్పటి కేక" అంది.

"కేక లేకుండా దూకితే ఏం బావుంటుంది?" అన్నాడు బాబాయ్.

కూతురు మైకు తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

"నేనా? ఈ గొంతుతోనా? ఆదివారం హాల్లో అందరూ నవ్వుతారే!"

"వేగం పెంచితే ఎవరికీ తెలీదమ్మా."

ఆవిడ లేచింది, చీర సర్దుకుంది. "దూకుతున్నా..." అంది.

"ఇది దూకడంలా లేదమ్మా, గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నట్టుంది."

"వెనక నుంచి తొయ్యమంటావా బాతుపిల్లా?" అన్నాడు బాబాయ్.

ఆవిడకి రోషం వచ్చింది. కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, కిటికీ అద్దాలు అదిరేలా కేక పెట్టింది.

కేక ఇంకా గదిలో ఉండగానే తలుపు దబదబా మోగింది. పక్కింటావిడ, చేతిలో గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది వదినా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు వదినా" అంది తల్లి ఆయాసపడుతూ. "దూకాను, అంతే. లోపలికి రా, వినిపిస్తాను."