అరిగిన అర డాలరు

నెలలో రెండో మంగళవారం వచ్చిందంటే వెర్నా పొద్దున్నే ఆపిల్ పై కోసం పిండి కలుపుతుంది. సాయంత్రం నాణేల సంఘం వాళ్లు ఆమె భోజనాల బల్ల చుట్టూ చేరతారు. బల్ల మీద పచ్చ గుడ్డ పరచడం, దీపం తుడవడం, కప్పులు పేర్చడం అన్నీ ఆమె పనే. ఆ బల్ల దగ్గర ఆమెకు లేనిదల్లా ఒక కుర్చీ.

భర్త హార్లన్ చెడ్డవాడేం కాదు. చలికాలంలో ఆమె కారు మీది మంచు తనే గీకుతాడు. కాకపోతే అతని దగ్గర ఒక కథ ఉంది. పెళ్లయిన కొత్తలో అతని పుట్టినరోజుకి, అతని తాత ఇచ్చిన పాత వెండి డాలరును వెర్నా వంటసోడాతో తళతళలాడేలా తోమి కేకు పక్కన పెట్టింది. ఏళ్లకేళ్లు పట్టి దాని అంచున నెమలి కంఠంలా తేలిన నీలం, సింకులోకి జారిపోయింది. పాత నాణేన్ని తోమితే విలువ పోతుందని ఆమెకెవరు చెప్పారు? ఆ రోజు హార్లన్ పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు, నవ్వుతూ, అందరి ముందూ. “మా ఆవిడ చేతికి వెండి ఇస్తే అంట్లలో పడేస్తుంది!” అందరితోపాటు ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే ఎంగిలి కప్పులు తీసేది. తాను ప్రేమగా చేసిన పని ఒక్కటీ వీళ్లకి గుర్తులేదు, ఇది తప్ప, అనుకునేది.

ఆ సాయంత్రం ఆమె ఏప్రన్ జేబులో అమ్మమ్మ అర డాలరు ఉంది.

ఒక్కొక్కరూ తెచ్చిన నాణెం చూపించడం అయ్యింది. సంఘంలో పాత సభ్యుడు క్లైడ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఒరే హార్లన్, కొత్త సభ్యుడొచ్చాడు కదా, ఆ సోడా కథ చెప్పు!”

వెర్నా వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. జేబులోంచి నాణెం తీసి పచ్చ గుడ్డ మీద పెట్టింది.

“ముందు ఇది చూడండి. నా వంతు.”

హార్లన్ నాణేన్ని అంచులు పట్టుకుని దీపం కిందికి తెచ్చాడు. దాని మీద అచ్చువేసిన, కూర్చున్న స్త్రీ బొమ్మకి ముఖం లేదు, చేతులు లేవు. కూర్చున్న ఆకారం నీడలా మిగిలింది.

“దీన్ని ఎవరింతగా అరగదీశారు?”

“మా అమ్మమ్మ. ఏప్రన్ జేబులో పెట్టుకుని, దిగులేసినప్పుడల్లా బొటనవేలితో రుద్దేది. ఎనిమిదిమంది పిల్లలు. దిగులుకేం తక్కువ?”

“ఇలా పూర్తిగా అరిగినవాటినే ఏరి దాచుకునేవాళ్లున్నారు,” అన్నాడు క్లైడ్ మెల్లగా. “ఇంత బాగా అరిగింది నేను చూడలేదు.”

హార్లన్ నాణేన్ని రెండో వైపుకి తిప్పాడు. “వెర్నా, దీన్ని నువ్వు...”

“తోమలేదు.”

ఈసారి నవ్వింది ఆమె ఒక్కతే. హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి. “నువ్వు తోమిన ఆ డాలరు ఇంకా నా సొరుగులోనే ఉంది,” అన్నాడు తలెత్తకుండా. “ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.”

ఆ మాట ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడే వంటింట్లో కాఫీ పొంగిన చప్పుడు. అలవాటుగా అందరూ వెర్నా వైపు చూశారు. ఆమె కదల్లేదు. హార్లన్ నాణేన్ని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టి, లేచి లోపలికి వెళ్లాడు. సొరుగులు లాగుతున్న చప్పుడు, తర్వాత కేక:

“చక్కెర ఎక్కడ పెట్టావ్?”

“వెతుకు,” అంది వెర్నా, స్టూలు బల్ల దగ్గరికి ఇంకాస్త జరుపుకుంటూ. “ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒక్కచోటే ఉంది.”