రోవేనాకి పోసిన టీ

పొద్దున్నే పొయ్యి మీద టీ కెటిల్ పెట్టి, అది మరిగేలోపు టాబ్లెట్‌లో ఊరి గ్రూపు చదవడం ఫిలోమిన్ ఒకెమావ్‌కి ఏళ్లనాటి అలవాటు. విల్లో ల్యాండింగ్ చిన్న ఊరే అయినా గ్రూపులో కబుర్లకి కొదవ లేదు. తప్పిపోయిన కుక్కలు, అమ్మకానికి పెట్టిన మంచు టైర్లు, ఎవరి దూడలు ఎవరి కంచె దాటాయన్న పంచాయితీలు, అన్నీ అందులోనే. నది అవతల తమకి కేటాయించిన రిజర్వులో ఉండే క్రీ ఆదివాసులు, ఇవతల తాతల నాడు యుక్రెయిన్ నుంచి వచ్చి గోధుమ పొలాలు చేసుకున్నవాళ్లు, ఈమధ్య వృద్ధాశ్రమంలోనూ మోటెల్‌లోనూ పనికి కుదిరిన ఫిలిప్పీన్స్ వాళ్లు, అందరూ ఆ గ్రూపులో ఉన్నారు. కొట్లో ఎదురుపడితే తల వంచుకుని పోయేవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి అడ్డూ ఆపూ లేకుండా రాసేస్తారు.

గ్రూపుని చూసుకునేది ఫిలోమినే. డెబ్బై దాటిన మనిషి. ఊరంతా ఆమెని కోకుమ్ అంటారు, క్రీ భాషలో అమ్మమ్మ అని. ఎవరైనా నోరు జారితే ఆమె ఆ రాసింది తీసెయ్యదు, రాసినవాళ్లని బయటికి నెట్టదు. వీడియో కాల్ చేసి, టాబ్లెట్ ముందు కప్పు పెట్టి టీ పోస్తుంది. తాగుతావా అని అడుగుతుంది. అవతలివాళ్లు ఊఁ అన్నారంటే కప్పు స్క్రీన్ దాటి వాళ్ల బల్ల మీదికి పొగలు కక్కుతూ వచ్చేస్తుంది. ముందు ఆరోగ్యాలు, వానలు, చుట్టాల సంగతులు. కప్పు సగమయ్యాకే అసలు విషయం. టీ మరీ చిక్కగా ఉందని, కట్టెల పొగ వాసనేస్తోందని వంకలు పెట్టినవాళ్లున్నారు గానీ అది ఎలా దాటి వస్తోందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. రొట్టె మాత్రం దాటదు. ఆ సంగతి మీద ఇవతలి ఒడ్డు గోధుమ రైతు ఒరెస్ట్‌కి ఇప్పటికీ కినుకే.

అక్టోబరు మొదట్లో ఒక మంగళవారం, టీ మరగకముందే గ్రూపు మరిగిపోయింది.

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లకి స్నానాలు చేయించే రోవేనా దుమ్లావ్ సెలవు పూట నది ఒడ్డుకి నడకకి వెళ్లింది. అక్కడి చెట్లకి కట్టిన రంగు గుడ్డలు వానకి వెలిసి, చిరుగులు పట్టి కనిపించాయి. ఎవరో పండగ చేసుకుని వదిలేసి పోయారనుకుంది. అన్నీ విప్పి తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, చక్కగా మడతలు పెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. ఎవరివో చెబితే తెచ్చిస్తానని, చెట్లు ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయని కింద రాసింది.

అవి ప్రార్థన గుడ్డలు. ఒకసారి కట్టాక వాటిని ఎవరూ తాకరు. గాలికీ వానకీ వదిలేస్తారు, అవే చీలికలై రాలిపోవాలి. ఆ మడతల్లో అన్నిటికన్నా పైనున్న పసుపు గుడ్డ ఫిలోమిన్‌ది. వసంతంలో అక్క తుంటి ఆపరేషన్‌కి ముందు వెళ్లి కట్టి వచ్చింది. దాన్ని ఇస్త్రీ మడతలో చూసి ఆమె టాబ్లెట్‌ని బోర్లించింది, మళ్లీ తిప్పి చూసింది.

రిజర్వు వాళ్లు కొందరు కోపంతో రాశారు, కొందరు ఏడుపుతో రాశారు. రోవేనాని వెనకేసుకొచ్చినవాళ్లు వ్యవహారాన్ని ఇంకా పాడు చేశారు. చింకి గుడ్డలకి ఇంత రాద్ధాంతమా, పాపం ఆ పిల్ల ఇస్త్రీ కూడా చేసింది కదా అని రాసింది ఒరెస్ట్ హ్నాట్యుక్. ఫిలోమిన్ కన్నా రెండేళ్లు పెద్దవాడు, నోరు మాత్రం ఇంకా కుర్రది. ఆమె ముందు అతన్నే పిలిచింది.

"టీ తాగుతావా ఒరెస్ట్?"

"నువ్వు పిలిచావంటే నేనేదో వెధవ పని చేసుంటాను," అంటూనే అతను కప్పు అందుకున్నాడు. మోకాలి నొప్పి గురించి చెప్పాడు. ఈ ఏడు బంగాళాదుంపలు గోళీలంతే ఊరాయని చెప్పాడు. కప్పు సగమైంది.

"మీ అమ్మ సమాధి మీద శిలువకి కుట్టుపని తువ్వాలు కట్టావు కదా?" అంది ఫిలోమిన్.

"కట్టాను."

"వెలిసిపోయి ఉంటుంది."

"ఎప్పుడో వెలిసింది."

"విప్పుకొచ్చి ఉతికిపెట్టనా?"

ఒరెస్ట్ కప్పు కింద పెట్టేశాడు. "రాసింది తీసేస్తాలే," అన్నాడు.

"తీసెయ్యకు. దాని కిందే ఇంకోటి రాయి. మారిన సంగతి కూడా అందరూ చూడాలి."

అతను తెలియక వాగానని రాశాడు. తర్వాత తువ్వాలు సంగతి కూడా రాశాడు. దానితో గ్రూపులో సగం వేడి దిగిపోయింది. ఫిలోమిన్ ఇంకో కప్పు పోసి రోవేనాని పిలిచింది. ఆ పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"టీ తాగుతావా బిడ్డా?"

"వద్దండి కోకుమ్. మీకెందుకు శ్రమ."

"సరే," అంది ఫిలోమిన్. రోవేనా ఇంకేదో వినడానికన్నట్టు ఎదురు చూసింది. ఫిలోమిన్ తల ఊపి కాల్ పెట్టేసింది.

ఆమె పెరిగిన ఇంట్లో దేనికైనా ఒక్కసారే అడిగేవారు. వద్దంటే వద్దనే. మళ్లీ అడగడమంటే నీ మనసు నీకు తెలియదు, నాకే తెలుసు అన్నట్టు. మీ మంచికే, మీ మంచికే అంటూ ఒప్పుకోనివాళ్ల మీద పడినవాళ్లని ఆమె చిన్నప్పుడే చూసింది. వాళ్లు ట్రక్కులో వచ్చి పిల్లల్ని మిషన్ బడికి పట్టుకుపోయారు. ఆ ట్రక్కులో ఆమె కూడా ఉంది. అప్పట్నుంచీ ఆమె ఏ మనిషినీ దేనికీ రెండోసారి అడిగి ఎరగదు. ఆ పిల్లకి మాతో కూర్చోవడం ఇష్టం లేదు, అది ఆమె ఇష్టం అని సరిపెట్టుకుంది. లోపల మాత్రం చివుక్కుమంది.

కప్పు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నమైనా పొగలు తగ్గలేదు. మర్నాడు పొద్దున్నా అంతే. సింకులో ఒంపబోతే టీ కప్పుని వదల్లేదు. పేకాటకి వచ్చిన చుట్టాలు దాన్ని చూసి, "ఎవరిదో ఇంకా ఉన్నట్టుందే," అని పక్కకి జరిపి ముక్కలు పంచుకున్నారు.

గురువారం ఒరెస్టే కాల్ చేశాడు.

"రోవేనా రేపు వెళ్లిపోతోంది. నగరంలో ఆస్పత్రివాళ్లు ఎప్పట్నుంచో రమ్మంటున్నారట, ఇన్నాళ్లూ వద్దంటూ వచ్చి ఈ వారం సరేనంది. మధ్యాహ్నం వ్యాన్‌కి ప్రయాణం."

"ఎవరు చెప్పారు?"

"మా ఆవిడ స్టెఫా. ఆశ్రమంలో ఆ పిల్ల చేత్తో పెడితే తప్ప తను ముద్ద దిగనివ్వదు కదా. ఆ పిల్ల వచ్చి సెలవు చెప్పిందగ్గర్నుంచీ స్టెఫా గోడ వైపు తిరిగి పడుకుంది." అతని గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "నువ్వేమైనా అన్నావా ఆ పిల్లని?"

"నేనేమంటాను? టీ ఇస్తే తాగనంది."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఎన్నిసార్లేమిటి? అడిగాను."

ఒరెస్ట్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ ఫిలిప్పీన్స్ వాళ్లకి మొదటి వద్దు, వద్దు కాదు. మొహమాటం. ఈస్టర్‌కి ఇంటికి పిలిచి మా పిరోగీ కుడుములు పెడితే వద్దండి అంది. మళ్లీ అడిగితే అయ్యో వద్దండి అంది. మూడోసారి అడిగాక గిన్నె ఖాళీ. నువ్వు ఒక్కసారి అడిగి సరే అన్నావంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది? కోకుమ్ మాటవరసకి పిలిచింది, మనసులో క్షమించలేదు అనుకోదూ?"

"వద్దన్నాక మళ్లీ అడిగితే బలవంతం కదా?"

"మా ఇళ్లలో అడక్కపోతే అవమానం."

"మీ ఇళ్లలో పొట్ట పగిలేదాకా పెడతారు. మీ అమ్మ పెట్టింది తిని రెండ్రోజులు మంచం దిగలేదు నేను."

"దిగాక మళ్లీ వచ్చావు కదా," అన్నాడు ఒరెస్ట్.

ఆ రాత్రి ఫిలోమిన్‌కి సరిగ్గా నిద్ర పట్టలేదు. పసుపు గుడ్డ మీద కోపం ఉంది. ఆ పిల్ల పోతోందన్న దిగులూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చా అని తనని తనే అడుగుతూ పడుకుంది.

శుక్రవారం ఆమె మంగళవారం నాటి కప్పునే టాబ్లెట్ ముందుకి జరిపి కాల్ చేసింది. రోవేనా కోటు వేసుకుని నిలబడే ఉంది. వెనకాల తలుపు దగ్గర సూట్‌కేసు. దాని మీద కాగితంలో జాగ్రత్తగా చుట్టిన గుడ్డలు.

"టీ తాగుతావా బిడ్డా?"

"వద్దండి కోకుమ్. బయల్దేరుతున్నాను."

సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఫిలోమిన్ దాన్ని మింగేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"తాగుతావా?" అంది రెండోసారి. ఆ గొంతు ఎవరిదో లాగా వినిపించింది ఆమెకే.

"అయ్యో, మీకెందుకండీ..." అంది రోవేనా. అంటూనే మంచం అంచున కూర్చుంది.

"ఆ పసుపు గుడ్డ నాది. మా అక్క కోసం కట్టాను. నాకు కోపం వచ్చింది, ఇంకా పూర్తిగా పోలేదు. దాని గురించి నీతో కూర్చుని మాట్లాడాలనే ఈ టీ. అవన్నీ ఇప్పుడేం చెయ్యాలో నాకూ తెలియదు. మా ఆచారం ప్రకారం పొగాకు కానుకగా పట్టుకెళ్లి, ఈ సంగతులు తెలిసిన మా పెద్దాయన ముందు పెట్టి అడగాలి. నువ్వు పక్కనుంటే బాగుంటుంది. బలవంతం లేదు, నీ ఇష్టం."

రోవేనా సూట్‌కేసు మీది గుడ్డల వైపు చూసింది. ఫిలోమిన్ ఊపిరి పీల్చుకుని, జన్మలో ఎన్నడూ చెయ్యని పని చేసింది.

"టీ తాగుతావా రోవేనా?"

రోవేనా రెండు చేతులూ చాచింది. బల్ల మీద కప్పు ఉన్నచోట తడి వలయం ఒక్కటే మిగిలింది. ఆమె ఒక గుక్క తాగి, కళ్లు తుడుచుకుని, "స్టెఫా గారు పొద్దున తిన్నారో లేదో," అంది. ఇంకో గుక్క తాగి, "మీ అక్కగారికి ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది. అక్క లేచి తిరుగుతోందని, తిడుతోందని కూడా చెప్పింది ఫిలోమిన్.

అవతల రోవేనా కిటికీ కింద హారన్ మోగింది.

"నీ వ్యాన్ వచ్చినట్టుంది," అంది ఫిలోమిన్. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

రోవేనా కిటికీ వైపు చూడలేదు. "టీ చాలా వేడిగా ఉంది కోకుమ్. మెల్లగా తాగాలి," అంది.

వ్యాన్ డ్రైవరు రెండోసారి కూడా హారన్ కొట్టి చూశాడు. మూడోసారి కొట్టకుండా వెళ్లిపోయాడు.