పాత పాలెం సైరను

దయ్యాన్ని గురించి ఎవరు చెప్పినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మీరు స్వయంగా చూశారా, లేక ఎవరైనా చెప్పగా విన్నారా? చాలామంది ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. లాజరస్ ఆగలేదు.

"నేనే విన్నాను సార్. మా పాలెమంతా విన్నాది" అన్నాడు.

లాజరస్ కోవూరులో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్నవాడు. ఇప్పుడు రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరు. వాళ్ల పాలెంలో ఎవరి ప్రాణం మీదికైనా వచ్చినప్పుడు ఉప్పుకాలువ అవతల నుంచి సైరను మోగుతుందట. అది మోగి ఆగిన కొంతసేపటికి ఆ మనిషి పోతాడట. కాలువ అవతల ఉన్నది పాత పాలెం. సునామీలో పోయిన ఊరు. అక్కడ మనుషులు లేరు.

అతని భార్య షారన్ గర్భిణి. అందుకే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మా అమ్మకు మీరు చెప్తే వింటుందేమో సార్. నేను చెప్తే చదువుకున్న కొవ్వంటాది."

ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి ఇలాంటి పిలుపులకు వెళ్లడమే నా పని. వెళ్లాను.

ఆ ప్రదేశం రూపురేఖలు ముందుగా చెప్పాలి. పాత పాలెం సముద్రానికీ కాలువకూ మధ్య ఇసుకదిబ్బ మీద ఉండేది. సునామీలో బతికి మిగిలినవాళ్లకు కాలువకు పడమట, లోతట్టున ఇళ్లు కట్టించారు. అదే కొత్త పాలెం. తరువాత దాని చుట్టూ రొయ్యల గుంటలు వచ్చాయి. కొత్త పాలేనికి గుంటల గట్టు మీద మట్టిదారి తప్ప మరో దారి లేదు. పాత పాలేనికి మాత్రం, ఉత్తరాన వంతెన దాటి, సముద్రం ఒడ్డునే తారురోడ్డు ఉంది. నీళ్లు వచ్చిపోయిన తరువాత సహాయపు లారీల కోసం వేసిన రోడ్డు అది. మనుషులున్న చోటికి రోడ్డు లేదు. రోడ్డున్న చోట మనుషులు లేరు.

లాజరస్ తల్లి ఎలిశబెతమ్మ నాకు టీ ఇచ్చింది.

"తాగండి సార్. క్యాను నీళ్లతోనే పెట్టినా. భయపడబాకండి."

"మరి మీరేం తాగుతారు?"

"మాకు బోరు నీళ్లే. కూటికి ఉప్పేసే పని లేదు."

గోడకు ఆనుకుని కూర్చున్న షారన్ నవ్వింది. "అత్తా, మన బోరు నీళ్ల ఉప్పు కూడా మూఢనమ్మకమే అంటారు సార్, ఉండు."

ఆ పిల్ల పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచి ఉన్నాయి. రక్తపోటు ఎప్పుడు చూశారని అడిగాను. నర్సమ్మ గట్టు అవతలి పెద్ద ఊరి వరకే వస్తుందట. గట్టు మీద అంతదూరం నడవలేక షారన్ వెళ్లడం మానేసింది.

సైరను గురించి అడిగితే ఎలిశబెతమ్మ గొంతు తగ్గించింది. "ఆ మోత వినపడితే తలుపులు మూసేస్తాం సార్. దీపం తీసేస్తాం. అది ఆగిందాకా ఎవురూ ఎవుర్నీ పేరు పెట్టి పిలవరు. పేరు వింటే తీసకపోతారు."

"ఎవరు?"

"ఇంకెవురు? మావోళ్లే." ఆమె తూర్పు వైపు చూడలేదు. "అంబులెన్సనేది మా పాలేనికి నీళ్లొచ్చిన దినానికి ముందు వచ్చింది ల్యా. మేము మొట్టమొదట విన్నది ఆ దినమే. శవాలను ఎత్తకపోయేదానికి వచ్చినాది. ఇప్పుడూ దానికే వస్తాది."

అలాంటి మోత మోగిన రోజునే ఆమె పెద్దకొడుకు జడ్సన్ పోయాడు. గట్టు మీద పాము కరిచింది. అంబులెన్సుకు ఫోను చేశారు, రాలేదు. మన లాంటోళ్లకు యాడొస్తాది అనుకున్నారు. ఇంతలో అవతల సైరను మోగింది. ఎలిశబెతమ్మ తలుపు గడియ పెట్టింది. లాజరస్ "అన్నా, జడ్సనన్నా" అని ఏడుస్తుంటే అతని నోరు తన అరచేత్తో మూసింది. మోత ఆగాక ఆటో తెచ్చారు. గూడూరు చేరేలోగా అయిపోయింది.

నేను వాళ్లకు శబ్దం ప్రయాణించే తీరు వివరించాను. సాయంత్రం నీటిమీది గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటే దూరపు శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుందనీ, జాతీయ రహదారి మీది సైరనే ఇక్కడికి వినిపిస్తున్నదనీ చెప్పాను. చక్కగానే చెప్పానని నాకు అనిపించింది.

లాజరస్ మర్యాదగా దగ్గాడు. "హైవే పడమర గదా సార్. మోత వచ్చేది తూరుపు నుంచి."

"అత్తా, సార్ టీ చల్లారిపోయినట్టుండాది, ఇంకోటి పెట్టు" అన్నది షారన్.

మరునాడు నేనూ లాజరస్ పడవలో కాలువ దాటాము. పాత పాలెంలో పైకప్పు లేని చర్చి గోడలు, ఇసుకలో సగం పూడిన సమాధులు, గడప మాత్రమే మిగిలిన ఇళ్లు ఉన్నాయి. ప్రతి గడప ముందూ లాజరస్ ఒక అడుగు పక్కకు వేసి నడుస్తున్నాడు. తాను అలా నడుస్తున్నట్లు అతనికి తెలియదు. అక్కడి నిశ్శబ్దం నాకు నచ్చలేదు. సముద్రం అంత దగ్గరగా ఉండి కూడా గోడల మధ్య దాని హోరు వినిపించడం లేదు. దిబ్బ అడ్డుగా ఉన్నందున అలా ఉంటుందని నాకు తెలుసు. అయినా నచ్చలేదు.

తారురోడ్డు చర్చి ముందు ఆగిపోతుంది. అక్కడ, వానకు తడిసి గట్టిపడిన ఇసుకలో, టైర్ల జాడలున్నాయి. పెద్ద బండి వచ్చి, నిలిచి, వెనక్కీ ముందుకీ జరిగి, తిరిగి వెళ్లిన జాడలు. ఒకదాని మీద ఒకటిగా పాతవీ కొత్తవీ ఉన్నాయి. చర్చి మెట్టు పక్కన ఆసుపత్రివాళ్ల రబ్బరు చేతితొడుగు ఒకటి, ఐదు వేళ్లలోనూ ఇసుక నింపుకుని, ఎవరో నేలలోంచి చెయ్యి చాపినట్లు పడి ఉంది.

నాకు నవ్వు వచ్చింది. "దయ్యాలకు టైర్లుండవు లాజరస్! నిజమైన అంబులెన్సే వస్తున్నది. పటాల్లో మీ పాలెం ఇంకా ఇక్కడే ఉంది. మీరు పిలిచినప్పుడల్లా అది ఇక్కడికి వచ్చి మీ కోసం చూసి వెళ్లిపోతున్నది."

అతను చర్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఫోను గట్టు మీదనే పలకతాది సార్. చేసేసి ఇంటికి దిగి వచ్చేస్తాం. వాళ్లు తిరిగి చేసినా మోగదు" అన్నాడు మొదట, లెక్క సరిచూసుకుంటున్నవాడిలా. తరువాత, "అయితే అన్న పోయిన దినం కూడా వచ్చినాది గదా" అన్నాడు.

నా నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకు గుర్తు లేదు.

"అమ్మకు చెప్పబాకండి సార్. దయ్యం తీసకపోయినాదని నమ్మి బతుకుతుండాది. బండి వచ్చి నిలబడుంటే తలుపు మూసింది తానే అని తెలిస్తే బతకదు."

నేను చెప్పనన్నాను. పట్టణానికి వెళ్లి సంబంధిత కార్యాలయంలో అడిగాను. ఒక యువకుడు కంప్యూటరులో పటం తెరిచి చూపించాడు. పాలెం పేరు సమాధుల మీద ఉంది. మార్పించడానికి పై నుంచి అనుమతి రావాలన్నాడు. ఎప్పుడు వస్తుందో అతనికి తెలియదు. నెలలు నిండకముందే షారన్‌ను గూడూరులో బంధువుల ఇంట్లో దింపుదామని నేనూ లాజరస్ నిర్ణయించుకున్నాము.

ఆమెను తీసుకువెళ్దామని నేను మళ్లీ పాలేనికి వచ్చిన రోజు ఉదయం నుంచీ వాన. మధ్యాహ్నానికి గట్టు రెండుచోట్ల తెగింది. ఆటో రాదు, నడక కుదరదు. చీకటి పడేవేళకు షారన్ తల పగిలిపోతోందన్నది. కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నట్లుందన్నది. కాసేపటికి పళ్లు కరుచుకుపోయి, ఒళ్లంతా కొట్టుకోసాగింది.

లాజరస్ వానలో గట్టెక్కి ఫోను చేశాడు. ఈసారి విడమరిచి చెప్పాడు: పాత పాలెం చర్చి కాడికే రండి, మేము పడవలో తెస్తాం. తిరిగి వచ్చి, చేపలు పట్టేవాళ్లు జబ్బుమనిషిని మోసే పద్ధతిలో, పాత వలను నాలుగు మడతలు వేసి తెడ్డుకు కట్టాడు. ఇద్దరం షారన్‌ను అందులో పడుకోబెట్టాము.

అప్పుడు మోగింది.

అంతకుముందు నేను ఆ శబ్దాన్ని వినలేదు. తూర్పుగాలి మీద, వానలోంచి, ఊళలాగా లేచి పడుతున్నది. అది ఏమిటో, ఎందుకో, ఎక్కడ నిలబడి ఉందో నాకు పూర్తిగా తెలుసు. అయినా నా మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బయట వరసగా తలుపులు మూసుకుంటున్న చప్పుడు. పాలెంలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

ఎలిశబెతమ్మ మా తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, జరుగు. అది మనకోసరమే వచ్చినాది."

"నాకు తెలుసురా, మనకోసరమే అని. పెద్దోణ్ణి ఇచ్చినా. దీన్ని ఇయ్యను."

"అమ్మా, అది ఉత్త బండి. డ్రైవరుంటాడు. నేనే రమ్మన్నా!"

"ఆడికి ఎదురుగా తీసకపోయి అప్పజెప్తావా? ఒంటికి తెలివి ఉండాదా నీకు?"

వలలో షారన్ మళ్లీ కొట్టుకున్నది. నోటి చివర నురగ. లాజరస్ నా వైపు చూశాడు. అతను చెప్పలేడు.

"అమ్మా" అన్నాను నేను. "అక్కడ టైర్ల జాడలు చూశాము. ప్రతిసారీ వచ్చేది ఆసుపత్రి బండే."

ఆమె నన్ను చూసింది. ఆమె చదువుకోలేదు, కానీ ఆ మాట తరువాత ఏ మాట వస్తుందో ఆమెకు చెప్పనవసరం లేకపోయింది.

"జడ్సన్‌ను పాము కరిచినప్పుడు?"

వాన చప్పుడు. సైరను. అబద్ధం చెప్పడానికి నాకు వ్యవధి ఉంది. ఆమెను కాపాడే అబద్ధం అది. కానీ దానితో తలుపు తెరుచుకోదు.

"వచ్చింది."

"ఎంతసేపు ఉన్నాది?"

"మీరు విన్నంతసేపు."

ఆమె తన కుడి అరచేతిని చూసుకున్నది. తరువాత వెనక్కి తిరిగి, అదే చేత్తో గడియ తీసింది.

మేము వలను మోసుకుని కాలువ ఒడ్డుకు చేరేసరికి సైరను ఆగిపోయింది. అవతల దిబ్బ మీద దీపాల వెలుగు కదిలింది. బండి వెనక్కి తిరుగుతున్నది. లాజరస్ కేక వేశాడు. గాలి అతని కేకను అతని ముఖం మీదికే తిప్పికొట్టింది. అప్పుడు ఎలిశబెతమ్మ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ఆ పాలెంలో సైరను వినిపించిన వేళ ఎవరూ చెయ్యని పని చేసింది.

"షారన్! మా షారన్ ఈడుండాది! షారన్!"

వెలుగు నిలిచిపోయింది.

డ్రైవరు పేరు యాసీన్. నలభై ఏళ్ల మనిషి. మేము పడవలో కాలువ దాటాక, చర్చి ముందు షారన్‌ను బండిలోకి ఎక్కించేటప్పుడు నన్ను పట్టి చూసి, "మీరు మనుషులేనా సామీ?" అన్నాడు.

బండి నడుపుతూ చెప్పాడు: "మేమంతా దీన్ని దయ్యాల పాలెం అంటాం సార్. ఫోనొస్తాది. ఎవరో ఏడస్తా ఉంటారు. వచ్చి చూస్తే సమాధులు. తిరిగి చేస్తే మోగదు. ఒంటరిగా ఉండలేక సైరను కొడతానే ఉంటాం, మనుషులుంటే వస్తారు, ఇంకేదన్నా ఉంటే పోతాదని. ఈ రోజు చర్చి కాడికే రమ్మన్నారంటే నాకు ఇంకా గుబులు. ఎవురూ రాకపోయేసరికి తిప్పేసినా. ఇంతలో ఆడోళ్లు అందరూ కలిసి పేరు పిలిచినారు చూడండి, అప్పుడు ఆపినా."

"పిలిచింది ఒక్కరే" అన్నాను.

"లేదు సార్. చానామంది."

చర్చి గోడకు తగిలి వచ్చిన ప్రతిధ్వని అయి ఉండాలి. ఎదురుగాలిలో అంత దూరం ఆ గొంతు ఎలా చేరిందో మాత్రం నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

షారన్ బతికింది. ఆడపిల్ల, బరువు తక్కువ, కానీ గట్టిగా ఏడ్చింది. నేను మళ్లీ పాలేనికి వెళ్లినప్పుడు ఎవరూ నన్ను పొగడలేదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇంటి మూలకు పిలిచి, చాలా నెమ్మదిగా అడిగారు. "మా ఆయన గుండెనొప్పప్పుడు సార్?" "మా పాపకు వాంతులప్పుడు?" ఇంతకాలం చచ్చినవాళ్ల మీద మోపిన బరువును నేను వాళ్ల చేతుల్లో పెట్టాను. జవాబు చెప్పడం నాకు అలవాటైన పని. నాకు తెలియదన్నాను.

పటం ఇంకా మారలేదు. గట్టు మీద రోడ్డు ఇంకా వేయలేదు. బోరు నీళ్లు అవే. అందుకని పాలెంవాళ్లు తమ పద్ధతి తామే మార్చుకున్నారు. ఒక సాయంత్రం నేనుండగానే హెబ్రోను అనే ముసలాయనకు ఊపిరాడలేదు. ఫోను చేశారు. అవతల సైరను మోగగానే అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. అందరూ దీపాలు పట్టుకుని ఒడ్డుకు వచ్చారు. పడవ బయలుదేరింది. బండి వెళ్లిపోకుండా అది చేరేదాకా అంతా గొంతెత్తి పిలిచారు. "హెబ్రోనూ! హెబ్రోను వస్తుండాడు!"

ఎలిశబెతమ్మ మనవరాలిని చంకన వేసుకుని నా పక్కనే నిలబడింది. ఆమె కూడా పిలుస్తున్నది, అందరికంటె గట్టిగా, అవతలి వెలుగు వైపు చూస్తూ. పడవలో ఉన్న మనిషి పేరు కాదు.

"జడ్సనూ! జడ్సన్ ఈడుండాడు! ఉండండి, తెస్తుండా!"

ఎవరూ ఆమెను ఆపలేదు. నేను కూడా ఆపలేదు.