తలగడ కింద లెన్సు

మా ఆయన మోజెస్‌కి పాత వస్తువుల పిచ్చి. 2009 ఎండాకాలంలో, బెంగళూరులో మూతపడిన ఒక సినిమా కెమెరాల దుకాణం నుంచి లెన్సు ఒకటి తెచ్చాడు. నలభై ఏళ్ల కిందటిది, అరకిలో బరువు, అద్దం టీ రంగుకు తిరిగింది. కొత్త డిజిటల్ కెమెరాకు అది పట్టదు. పుంగనూరులో లేత్ మిషన్ అతనితో ఇనుప రింగు చేయించి మరీ బిగించాడు. దూరంగా ఉన్నవేవీ స్పష్టంగా పడవు గానీ, దగ్గరి ముఖాలు పసుపు రాసినట్టు మెరుస్తాయి. కుప్పంలో తీసిన పెళ్లి ఫొటోలు చూసి మా మదనపల్లెలో ముగ్గురు బుక్ చేసుకున్నారు. ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరం?

ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు ఆగాయి, లెన్సు బీరువాలోకి వెళ్లింది. అదే వారం మాకు జెనిఫర్ పుట్టింది.

మా అమ్మ లేదు గనుక బాలింతగా అత్తగారింట్లోనే ఉన్నాను. మా పుట్టింటి ఊరు గంగవరంలో పసిబిడ్డ పక్కలో ఇనుము లేకుండా ఎవరూ పడుకోబెట్టరు. బిడ్డ ఉలిక్కిపడకుండా, గాలీ ధూళీ సోకకుండా. కానీ మా అత్త రాజమ్మ చర్చి సంఘంలో ప్రార్థనలు నడిపించే మనిషి. అలాంటి నమ్మకాలు ఆమె దగ్గర చెల్లవనుకున్నాను. పాపను చూడ్డానికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. తలగడ కింద కత్తి కనబడితే నా పరువేం గాను? బీరువా తెరిస్తే ఇనుప రింగుతో లెన్సు కనబడింది. ఫొటోగ్రాఫర్ ఇంట్లో లెన్సు చూసి ఎవరూ ఏమీ అనుకోరు. నా తెలివికి నేనే మురిసిపోయి, గుడ్డలో చుట్టి పాప తలగడ కింద దూర్చాను.

ఇరవై ఆరు రోజులు అది అక్కడే ఉంది.

శ్రావణం దగ్గరపడింది. అద్దంలో పసుపు తగ్గించే మార్గం వెతకడానికి మా ఆయన నెట్ సెంటర్‌కు వెళ్లి, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"కృపా, ఇది ఇన్నావా? పాత లెన్సుల్లో కొన్నిట్లో థోరియం కలిపేవాళ్లంట. అద్దం పచ్చబడేది అందుకేనంట. రేడియేషన్ వస్తాంటాదంట! బీరువాలో ఉండాది కాబట్టి సరిపోయె."

పాప నిద్రపోతోంది. ఆ తల కింద ఏముందో నాకొక్కదానికే తెలుసు. ఆయన స్నానానికి వెళ్లగానే దాన్ని లాగి బీరువాలో పడేశాను. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాను. పాప మాడు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. వెచ్చగా ఉంటే మంచిదా, కాదా?

ఈ లెన్సులోనూ అది ఉందేమో తేల్చుకోవాలని మా ఆయన, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే స్నేహితుడు విల్సన్‌ను అడిగాడు. "నల్ల కవర్లో ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టి ఇస్తా. పైన తాళంచెవి పెట్టి, దాని మీద లెన్సు బోర్లించు. ఐదు దినాలు కదిలియ్యొద్దు. ఏమీ లేకుంటే ఫిల్మ్ ఖాళీగానే ఉంటాది" అన్నాడు. మా ఆయనకు అదొక ఆట.

ఆ ఐదు రోజులూ పాప తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. పాలు కక్కితే రంగు మారిందేమోనని చూసేదాన్ని. తలగడకు అంటుకున్న వెంట్రుకలు ఏరి లెక్కపెట్టాను. చెప్పేద్దామని నోరు తెరిచేదాన్ని, అత్తను చూసి మూసుకునేదాన్ని. నా అంత పిరికిది ఇంకొకతి ఉండదు.

ఆరో రోజు విల్సన్ ఫిల్మ్ కడిగి తెచ్చాడు. మా ఆయన కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. గుండ్రటి నల్ల మచ్చ, దాని మధ్యలో లేతగా తాళంచెవి.

"సూడు, పళ్లతో సహా ఎంత బాగా పడిందో!"

అప్పుడు చెప్పేశాను. "దాన్ని పాప తల కింద పెట్టినా. ఇరవై ఆరు దినాలు."

ఫిల్మ్ ఆయన చేతిలోంచి జారిపోయింది. పాపను ఎత్తుకుని, చెప్పులైనా లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాడు. నేను వెనకాలే.

డాక్టరమ్మ అంతా విని, పాపను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత కొంచానికి ఏమీ కాకపోవచ్చమ్మా. అప్పుడప్పుడు తెచ్చి చూపించు" అంది. కాకపోవచ్చు అంది గానీ, కాదు అనలేదు.

ఇంటికొచ్చాక అత్త అడిగింది. "యాల పెట్టినావమ్మా దాన్ని?"

ఇనుము కోసమని చెప్పాను. తల ఎత్తలేకపోయాను.

ఆమె పాప బొంత తిరగేసి, కాళ్ల వైపు కుట్టు విప్పి, తుప్పుపట్టిన అడకత్తెర ఒకటి బయటికి తీసింది.

"బిడ్డ పుట్టిన దినమే కుట్టేసినా. సదువుకున్నదానివి, నవ్వుతావని సెప్పలేదు."

అప్పుడు ఏడ్చాను. నా బిడ్డకు కావలసిన ఇనుము మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది.