అక్క అల్లం

ఫ్రిజ్జులు బాగుచేసే మేస్త్రికి అల్లం టీ అంటే ప్రాణం. రోజంతా చల్లటి ఇనుముతో చెలగాటం, పైగా ఆ ఊళ్లో ఏడాదికి ఏడు నెలలు చలే. చలికాలం చివర్లో ఒక రోజు భార్యా, అత్తగారూ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. మేస్త్రి ఒంటరిగా వంటింట్లో దూరి, పొయ్యి మీద నీళ్లు పడేసి, కూరల బుట్టలో చెయ్యి పెట్టాడు. అడుగున ఒక కాగితం పొట్లం తగిలింది. పైన అత్తగారి గుండ్రటి అక్షరాలతో ‘అక్క అల్లం’ అని రాసి ఉంది.

భార్యకు ఒక అక్క ఉంది. వారం కిందటే వచ్చి సంచీడు కూరలు ఇచ్చి వెళ్లింది. ఇంకేం, వదినగారిచ్చిన అల్లమే అనుకున్నాడు. ఒక వేలెడు తురిమి నీళ్లలో వేశాడు. ఘాటు రాలేదు. ఇంకాస్త తురిమాడు. అప్పటికీ రాలేదు. “వదిన ఎప్పుడూ ఇంతే, చచ్చు సరుకు కొంటుంది” అని విసుక్కుంటూ ముప్పాతిక ముక్క అవగొట్టి మరీ టీ తాగాడు. ‘అల్లమంటే నాకు తెలీదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది’ అన్నాడట వెనకటికొకడు. మన మేస్త్రి వాడికి సొంత తమ్ముడు.

మధ్యాహ్నానికి ఆడవాళ్లిద్దరూ తిరిగొచ్చారు. అత్తగారు శాలువా కూడా తియ్యకుండా కూతురితో అంది: “అమ్మాయ్, మా అక్క అల్లం పొట్లం ఉందే, అది కాస్త వెచ్చటి చోట పెట్టు. చలి విరగ్గానే నాటేద్దాం.”

ఎవరి అక్కో అప్పుడు తెలిసింది మేస్త్రికి. 

అత్తగారి అక్క పోయినేడు కన్నుమూసింది. ఆవిడ పెరట్లో ఒక పూల మొక్క ఉండేది. దుంప చూస్తే అల్లమే, ఆకు చూసినా అల్లమే. కానీ వంటకి కాదు, ఘుమఘుమలాడే తెల్లటి పువ్వు కోసం పెంచుకునేది, పూసిన రోజల్లా తల్లో పెట్టుకునేది. ఆవిడ పోయాక ఇల్లు కొన్నవాళ్లు పెరడంతా సిమెంటు చేసేశారు. దానికి ముందురోజు అత్తగారు నొప్పి మోకాళ్ల మీద కూర్చుని ఒక్క దుంప తవ్వుకుని, రుమాల్లో చుట్టి తెచ్చుకుంది. “మా అక్కది ఈ భూమ్మీద మిగిలింది ఇంతే” అని అందరికీ చూపించింది కూడా. అందులో ముప్పాతిక భాగం ఇప్పుడు అల్లుడి పొట్టలో ఉంది.

ఆ క్షణమే చెప్పేసి ఉండాల్సింది. మేస్త్రికి కంప్రెసర్లు భుజాన మోసే బలం ఉందిగానీ, అత్తగారు ఏడిస్తే చూసే బలం లేదు. సందు చివరి కొట్టుకి పరిగెత్తి, అలాంటిదే ఒక అల్లం కొమ్ము తెచ్చి, అదే కాగితంలో చుట్టి బుట్టలో పెట్టేశాడు. మిగిలిన ముక్కని చొక్కా జేబులో వేసుకున్నాడు. అది బొటనవేలంత ఉంది. దుంప మీద మొలక లేచే బుడిపెను కన్ను అంటారు. ఆ ముక్కకి ఒకే ఒక్క కన్ను మిగిలింది.

మర్నాడు మొక్కలమ్మే ఆయన్ని అడిగితే, “కన్ను పైకి పెట్టు, మట్టి పల్చగా కప్పు, మొలకొచ్చేదాకా నీళ్లు పొదుపుగా పొయ్యి. అన్నిటికంటే ముందు వెచ్చదనం కావాలయ్యా. ఈ ఊళ్లో అదెక్కడ దొరుకుతుంది?” అన్నాడు.

వెచ్చదనం మేస్త్రి షెడ్డులోనే దొరికింది. ఫ్రిజ్జు లోపల చల్లబడాలంటే లోపలి వేడిని వెనక్కి తోసెయ్యాలి. ఇటు ఎంత మంచు పేరితే అటు అంత సెగ. ఇరవై ఏళ్లుగా ఆ సెగని తిట్టుకుంటూ చెమట తుడుచుకున్నవాడు, ఇప్పుడు పాత ఐస్‌క్రీమ్ డబ్బాలో మట్టి నింపి, ముక్క నాటి, దాన్ని పెద్ద ఫ్రిజ్జు వెనక పెట్టాడు. పక్కన థర్మామీటరు వేలాడదీస్తే ఇరవై ఆరు డిగ్రీలు చూపించింది. బయట వీధిలో మనుషుల నోళ్లలోంచి ఆవిరి వస్తోంది.

వారం గడిచింది. రెండు వారాలు, మూడు వారాలు గడిచాయి. మట్టి మట్టిలాగే ఉంది. ఇరవై నాలుగో రోజు పొద్దున షట్టరు ఎత్తి లోపలికి వెళ్లేసరికి, మట్టిని చీల్చుకుని గులాబీరంగు మొన ఒకటి బియ్యపుగింజంత లేచి ఉంది. మేస్త్రి అలాగే నేల మీద చతికిలబడ్డాడు. అతనెప్పుడూ ఏదీ పుట్టడం చూడలేదు. పాడైనవాటిని బాగుచెయ్యడమే తెలుసు. దీన్ని ఎవరూ విప్పలేదు, ఎవరూ బిగించలేదు. అదే లేచింది. ఆ పూట రెండు దుకాణాలవాళ్లు ఫోన్లు చేస్తున్నా ఎత్తలేదు.

ఇంట్లో కథ వేరేగా నడిచింది. కిటికీ దగ్గర కుండీలో కొట్టు అల్లం మొలిచింది. అత్తగారు రోజూ దాని పక్కన కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పేది. మోకాళ్ల నొప్పులు, కూతురు కూరలో ఉప్పు తగ్గించడం, చిన్నప్పుడు అక్క జడ పీకిన సంగతి, అన్నీ చెప్పేది. “అల్లుడు మాత్రం బంగారం అక్కా. నీకు చలి తగలకూడదని కిటికీ సందులకి రబ్బరు బిగించాడు” అనేది. అది వింటూ అన్నం తింటున్న అల్లుడు కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు.

షెడ్డులో మొక్క కొత్త ఆకు విప్పిన ప్రతిసారీ అతను పని ఆపి చూసేవాడు. చుట్ట చుట్టుకున్న ఆకు తెల్లారేసరికి పొడుగ్గా పరుచుకునేది. ఎండాకాలం నాటికి దాన్ని పెద్ద డ్రమ్ములోకి మార్చి, కప్పులో అద్దం ఉన్నచోట పెట్టాడు. ఒక్క కంటి నుంచి ఆరు కాండాలు లేచి భుజం దాటాయి. ఎండలు తగ్గేసరికి ఒక కాండం చివర ఆకుపచ్చ కంకి కట్టింది. పువ్వు విచ్చాక తీసుకెళ్లి నిజం చెప్పేద్దామనుకున్నాడు. కంకి ఉలకదు, పలకదు. రెండు వారాలు అలాగే బిగుసుకుని కూర్చుంది.

ఈలోగా చలి మళ్లీ దిగింది. కిటికీ దగ్గరి అల్లం పసుపెక్కి వాలిపోయింది. అల్లానికి చలికాలం నిద్రపోవడం అలవాటే. ఆ సంగతి అత్తగారికి ఎవరూ చెప్పలేదు.

“అక్కకి ఈ ఊరు పడలేదు” అంది ఒక మధ్యాహ్నం, ఎండిన ఆకు పట్టుకుని. “పువ్వు పూసే రాత దీనికి లేదు. నా స్వార్థం కొద్దీ ఈ చలిలోకి తెచ్చి చంపుకున్నాను.” కంచం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా లేచిపోయింది.

మేస్త్రి అదే క్షణం వ్యాను తీశాడు. పువ్వు లేకపోతే మానె, మొక్క బతికుందన్న సంగతైనా చెప్పి తీరాలి. షెడ్డు తలుపు తోసి అక్కడే ఆగిపోయాడు. సాయంత్రపు వెలుగులో కంకిలోంచి తెల్లటి పొర ఒకటి బయటికొచ్చి వణుకుతోంది. అతను చూస్తుండగానే అది ఒక్కో రెక్కే విప్పుకుంటూ పోయింది. వాసన షెడ్డంతా నిండింది. గ్యాసు, గ్రీజు, తుప్పు తప్ప మరో వాసన ఎరగని ఆ గోడల మధ్య మేస్త్రి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికే తెలీదు.

డ్రమ్ముకి దుప్పటి చుట్టి, వ్యానులో పెట్టి, నత్తలా నడుపుకుంటూ ఇంటికి చేరాడు. వీధి చలికి పువ్వు వాసన అణిగిపోయింది. హాల్లో దించి దుప్పటి తీశాడు. అత్తగారు చూసింది, భార్య చూసింది.

“అత్తయ్యా, ఇది మీ అక్కగారిది. కిటికీ దగ్గరున్నది కొట్టు అల్లం. ఆ పొట్లం వదిన తెచ్చిందనుకుని… టీలో వేసుకుని తాగేశాను. ఇంత ముక్క మిగిలితే నాటాను. మీ మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది.”

“ఎన్నాళ్లయింది?” అంది అత్తగారు. గొంతు గట్టిగానే ఉంది.

“ఏడు నెలలండీ.”

“అంటే ఏడు నెలలుగా నేను కష్టసుఖాలన్నీ చెప్పుకున్నది పచ్చడిలో వేసుకునేదానితోనా?”

భార్యకి నవ్వు ఆగలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు నవ్వలేదు. “ఏడు నెలలు నన్ను వెర్రిదాన్ని చేశావు బాబూ. ఆ దుంప తాగినందుక్కాదు, చెప్పనందుకు నాకు బాధ. నిన్నొక పట్టాన క్షమించను” అంది. మేస్త్రి తల దించుకుని, “సరేనండీ” అన్నాడు. 

హాల్లో హీటరు వెలుగుతోంది. ఆ వెచ్చదనానికి పువ్వు తేరుకుంది. ముందు సన్నగా, తర్వాత గది నిండా వాసన వచ్చింది. భార్య నవ్వు ఆగిపోయింది. అత్తగారు చేతికర్ర అక్కడే వదిలేసి, కుర్చీలు పట్టుకుంటూ మొక్క దగ్గరికి నడిచింది. తెల్లటి రెక్క కింద అరచెయ్యి పెట్టింది, గట్టిగా ముట్టుకోవడానికి భయపడుతున్నట్టు. కళ్లు మూసుకుంది. 

“ఎప్పుడొచ్చావక్కా?” అంది.