నిప్పుకోడి మీద తెల్లపొర

నా భార్య చివరగా రంగు వేసిన బొమ్మ చిటికెన వేలంత ఉంటుంది. మంటల జుట్టుతో పరుగెత్తే వీరనారి. ఆట పెట్టె మీద దానికేదో గంభీరమైన పేరుంది కానీ, మా బావమరిది మొదటిసారి చూసినప్పుడే "ఇదేంటక్కా, నిప్పుకోడిలా పరిగెడుతోంది" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

తను పళ్ళ ల్యాబులో పనిచేసేది. పెట్టుడు పన్ను పక్క పంటి రంగులో కలిసిపోయేలా పింగాణీకి ఛాయలు అద్దడం తన ఉద్యోగం. ఇంటికొచ్చాక అదే చేతివాటంతో సూపర్‌హీరోల బొమ్మలకు రంగులు వేసేది. ఆదివారాలు అక్కా తమ్ముళ్ళిద్దరూ భోజనాల బల్ల మీద అట్టపెట్టెలతో మేడలు పేర్చి, చెరో ఆరుగురు హీరోలను దింపి, పాచికలు వేసుకుంటూ, టేపుతో దూరాలు కొలుచుకుంటూ కొట్టుకునేవారు. నా వంతు పని నేల. బొమ్మ నిలబడే గుండ్రటి బిళ్ళ మీద బెరడు ముక్కలు విరిచి కూలిన గోడల్లా అతికించడం, తెల్లజిగురు పూసి ఇసుక చల్లడం, అంచుకు నల్లరంగు వేయడం. "మీ రోడ్డు మీద గుంతలు అచ్చం నిజంలాగే ఉన్నాయండీ. మున్సిపాలిటీలో చేరాల్సిన మనిషి మీరు" అనేది.

తను పోయి నాలుగు నెలలైంది. కిందటి వారం బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఆదివారం వస్తున్నా. అక్క టీముతో నువ్వు ఆడు."

"నాకు పాచికలు విసరడం తప్ప ఏం వచ్చురా?"

"అక్కకి మాత్రం ఏం వచ్చు, నన్ను తిట్టడం తప్ప?"

ఆ తర్వాత చాలాసేపటిదాకా ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టేయలేదు.

టీములో అయిదు బొమ్మలకు తనే వార్నిష్ కొట్టి ఉంచింది. ఆరోది నిప్పుకోడి. దానికి రంగు పూర్తయింది కానీ, పైపూత పడకముందే తను ఆసుపత్రికి వెళ్ళింది. వార్నిష్ లేని బొమ్మను ఆటలో పట్టుకుంటే వేళ్ళ చెమటకు రంగు అరిగిపోతుంది. అందుకని శుక్రవారం పొద్దున్నే స్ప్రే డబ్బా తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాను. రెండు రోజులుగా ముసురు పట్టి ఉంది. మిగతా వాటికి తను ఒక్క పూతే కొట్టేది. ఇది చివరిది కదా, పదికాలాలు ఉండాలని నేను మూడు పూతలు కొట్టాను.

మధ్యాహ్నానికి బొమ్మకు శుక్లం వచ్చినట్టయింది. జుట్టు లేదు, ముఖం లేదు. అంతా తెల్లటి పొర.

రుమాల్లో చుట్టుకుని, తను ఎప్పుడూ రంగులు కొనే షాపుకు పరుగెత్తాను. షాపావిడ బొమ్మను లైటు కింద పెట్టి చూసింది.

"ఎప్పుడు కొట్టారు?"

"ఇవాళే."

"ఈ ముసురులోనా!" నుదురు కొట్టుకుంది. "గాల్లో తేమ ఉంటే పూతలో చెమ్మ చిక్కుకుంటుంది సార్. అందుకే తెల్లబడుతుంది. మేడమ్ ఎప్పుడూ చెప్పలేదా?"

చెప్పలేదు. కానీ చేసేది. వార్నిష్ కొట్టాల్సిన రోజున బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్ళను ఒక్కొక్కటీ పిండి చూసి, "ఇవాళ కాదులెండి" అని డబ్బా లోపల పెట్టేసేది. బద్ధకమనుకుని నవ్వేవాణ్ణి. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నాను, ఒక్కసారి ఎందుకని అడిగితే నా సొమ్మేం పోయేది?

ఆవిడ ఒక సీసా తీసింది. "ఇది మెరిసే రకం వార్నిష్. కుంచెతో పలచగా పూయండి. మీరు కొట్టింది ఒక పూతే అయితే తేరుకుంటుంది. ఎన్ని కొట్టారు?"

"మూడు."

ఆవిడ సీసాను కాసేపు చేతిలోనే ఉంచుకుంది. "దీనికీ లొంగకపోతే రంగు వదిలించే మందులో ముంచండి. మొత్తం ఊడొచ్చేస్తుంది. మళ్ళీ వేసుకోవచ్చు, కొత్తదానిలా ఉంటుంది."

"కొత్తది నాకెందుకమ్మా?"

ఆవిడ తను వాడుకునే మెత్తటి కుంచెను కూడా కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి పూశాను. కుంచె తగిలినచోటల్లా రంగు మళ్ళీ పైకి తేలింది. జుట్టు కుదుళ్ళలో పసుపు, పైకి పోయేకొద్దీ నారింజ, కొసల్లో ముదురు ఎరుపు. కంటి కొనలో వెంట్రుకంత గులాబీ గీత. కుడి పిక్క మీద అడ్డంగా ఒక నల్ల గీత కూడా బయటపడింది. అది పొరపాటు. ఆ చివరి నెలలో తన వేళ్ళు వణికేవి. "ఉండండి, రేపు సరిచేస్తా" అంది. ఆ రేపు రాలేదు. దాన్ని చూసి నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

శనివారం పొద్దున్న లేచి చూస్తే మళ్ళీ తెల్లపొర. ఇంకో రెండుసార్లు పూశాను. తడి ఉన్నంతసేపే రంగు కనబడేది. చివరికి వట్టి నీళ్ళు పూసినా అంతే, ఆరగానే మాయం.

ఆదివారం బావమరిది వచ్చాడు. వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎంత కడుక్కున్నా గోళ్ళలో గ్రీజు పోదు. బల్ల మీద నేను పేర్చిన బొమ్మల్ని లెక్కపెట్టాడు.

"అయిదే ఉన్నాయేంటి?"

"ఇవాళ అయిదుగురితోనే ఆడదాంరా."

"నిప్పుకోడి ఏది బావా?"

జేబులోంచి తీసి వాడి అరచేతిలో పెట్టాను. జరిగింది చెప్పాను. వాడు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. తిడతాడని కాచుకుని నిలబడ్డాను.

"అక్క ఉండుంటే నిన్ను బాల్కనీలో నిలబెట్టి కొట్టేది మూడు పూతలు" అన్నాడు.

"చివరిగా వేసిన ఒక్కటీ దాచలేకపోయానురా."

"దాచుకుందామనే కదా కొట్టావు."

బొమ్మను వెనక్కి తీసుకుని అడిగాను. "మందులో ముంచమంటావా? కొత్తదానిలా వస్తుందట."

"నువ్వు ముంచగలవా?"

"లేను."

"మరి నన్నెందుకడుగుతావు? కూర్చో, ఆడు."

గ్లాసులో నీళ్ళు, షాపావిడ ఇచ్చిన కుంచె పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నిప్పుకోడి వంతు రాగానే దాన్ని తడిపాను. జుట్టు భగ్గుమంది. బావమరిది చేతిలోని పాచికలు చేతిలోనే ఉండిపోయాయి. ముందుకు వంగి చూశాడు.

"కాలి మీద ఆ గీతేంటి?"

"చెయ్యి వణికింది."

"నాతో అస్సలు వణకడం లేదంది, దొంగమొహంది" అని తల దించుకుని, అక్కర్లేకపోయినా తన బొమ్మల్ని సర్దుకున్నాడు.

ఆట సాగింది. వంతు వచ్చినప్పుడల్లా తడుపుతున్నాను. నాలుగోసారికి బిళ్ళ మీది జిగురు నాని, ఇసుక బల్ల మీద రాలింది. ఒక బెరడు ముక్క ఊడిపడింది.

"బావా, నీ రోడ్డు కొట్టుకుపోతోంది."

"పోనీరా. అది నేను మళ్ళీ వేసుకోగలను."

వాడు అవునన్నట్టు తలూపి, టేపు తీశాడు. వాడి సేనలో అందరికంటే పెద్దవాడు, ఇనుప గుండుతో కొట్టే భీకరుడు, నా నిప్పుకోడికి ఎదురుగా ఉన్నాడు. గుండు ఆరు అంగుళాలు పోతుంది. ఇద్దరి మధ్యా టేపు పరిచాడు. నేనూ చూశాను. అయిదున్నర కూడా లేదు. పదేళ్ళ ఆదివారాల్లో వాడు అక్కకు అర అంగుళం వదిలిన పాపాన పోలేదు. దానికోసం ఒకసారి భోజనం మానేసి వెళ్ళిపోయిన మనిషి.

"అందదు" అన్నాడు టేపు చుట్టేస్తూ. "నీ వంతు."

నేను వాదించలేదు. అప్పటికే జుట్టు కొసల నుంచి తెల్లబడుతోంది. కుంచె నీళ్ళలో ముంచాను.